ఎర్ర కిటికీలో అయిదో అంకె

1973 సెప్టెంబరు 20, గురువారం. పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్తరమాసకు ముందరి వారం.
ఉన్నవారు: నేను, కుండల్‌వాడి రైతు హన్మాండ్లు, అతని భార్య సాయవ్వ.
లేనివారు: నా మిత్రుడు విఠల్‌రావు, మృగశిర కార్తెలో పోయాడు. హన్మాండ్లు కూతురు చంద్రకళ, పదకొండేళ్లది, అంతకు నెల ముందు జ్వరంతో పోయింది.
వస్తువులు: గొడుగు, చేతిసంచి, మడత కెమెరా. కెమెరాలో సగం వాడిన ఫిల్ము.

నా డైరీలో ఆనాటి పుట ఇలా మొదలవుతుంది. పని మొదలుపెట్టే ముందు అక్కడ ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం సర్వే శాఖలో అబ్బిన అలవాటు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. లేనివారి పేర్లు కూడా రాసింది మాత్రం ఆ ఒక్క రోజే. ఎందుకు రాశానో ఇప్పుడు చదువుకున్నా నాకు తోచదు.

కెమెరా సంగతి

ఈ కెమెరా విఠల్‌దీ నాదీ ఉమ్మడి సొత్తు. ఇద్దరం ఒకే డేరాలో పడుకుని ఊళ్లు కొలుస్తున్న వయసులో, హైదరాబాదులో చెరిసగం వేసుకుని కొన్నాం. జర్మనీ సరుకు. మూస్తే కోటు జేబులో పట్టే నల్లని పెట్టె. మీట నొక్కితే ముందు తలుపు వాలుతుంది, తోలు తిత్తి ముడతలు విప్పుకుంటూ లెన్సు బయటికి వస్తుంది, టక్కుమని ఆగుతుంది. ఆ టక్కు కోసమే కొన్నామని విఠల్ అనేవాడు.

ఒక ఫిల్ముకు ఎనిమిది బొమ్మలే. అందుకే మాకు తొందర ఉండేది కాదు. పెళ్లిళ్లకూ పండుగలకూ కాదు మేం దాన్ని వాడింది. మంగలి పొది, బావి గిలక, ఎండలో ఆరవేసిన గొడుగు, రైలు కోసం కూర్చుని కూర్చునే నిద్రపోయిన మనిషి. ఇలాంటివే. ఎనిమిది బొమ్మలు నెల రోజులు వచ్చేవి. ఏది తీయదగింది, ఏది కాదు అని చూసుకుంటూ నడిచే ఆ నెల రోజులే అసలు సుఖం.

కెమెరా వీపున చిన్న గుండ్రని ఎర్ర గాజు కిటికీ ఉంటుంది. ఫిల్ము వెనక కాగితం మీద అచ్చయిన అంకెలు అందులో కనబడతాయి. మర తిప్పితే ఒకటి పోయి రెండు వస్తుంది. ఈ మర దగ్గరే మా ఇద్దరికీ తగవు. నేను బొమ్మ తీయగానే తిప్పేస్తాను. ఆలస్యం చేస్తే మరిచిపోయి ఒకదాని మీద ఒకటి తీస్తామని నా భయం. విఠల్ తీసింది తీసినట్టే వదిలి, మళ్లీ తీయబోయే ముందు తిప్పేవాడు. ముందుగా తిప్పిపెడితే తిత్తి తెరిచినప్పుడు గాలి లాగి ఫిల్ము వదులవుతుందని అతని వాదం. ఎవరూ తగ్గలేదు. చివరికి ఒక కట్టడి చేసుకున్నాం. ఆరు నెలలు అతని దగ్గర, ఆరు నెలలు నా దగ్గర. చేతులు మారేటప్పుడు లోపల ఫిల్ము ఉండకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

ఈసారి తప్పింది. మొన్న ఉగాదికి నా వంతు. ఫిల్ము ఇంకా పూర్తికాలేదు, అయ్యాక పంపుతానని విఠల్ నాందేడ్ నుంచి కార్డు రాశాడు. పూర్తికాకుండానే అతను పోయాడు. పదోనాడు అతని భార్య సుమతిబాయి కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అండ్ల రీలు ఉన్నది అన్నా. ఉగాదికి పొలం చూడ పోయినప్పుడు హన్మాండ్లు బిడ్డ ఫోటో తీసిండట. అదే ఆఖరుది. ఇగ మల్ల ఆయన దాన్ని ముట్టలే."

హన్మాండ్లు నాందేడ్ జిల్లా కుండల్‌వాడిలో విఠల్ పొలాన్ని పాలుకు చేసే రైతు. ఎర్ర కిటికీలో అయిదో అంకె ఉంది. నాలుగు తీశాడు, నాలుగు మిగిలాయి అని డైరీలో రాసుకున్నాను.

వానలు పోతుండగా నిజామాబాదులో మా ఇంటికి ఒక కార్డు వచ్చింది. సాయవ్వ ఎవరిచేతనో మరాఠీలో రాయించింది. పెత్తరమాస నాడు పెట్టుకోవడానికి బిడ్డ ఫోటో కావాలి. ఇంట్లో మరొకటి లేదు. అయితే కడిగించక ముందు ఆ పెట్టెను ఒక్కరోజు తమ ఇంటికి తేవాలి. అంతే ఉంది. ఎందుకో రాయలేదు.

ధర్మాబాద్ దాకా

బాసర వంతెన మీద బండి మెల్లగా నడిచింది. పోయిన ఏడు కరువులో ఇసుక తేలిన గోదావరి ఈసారి ఒడ్డులు నిమురుతోంది. అందరూ పైసలు విసిరి దండం పెట్టుకున్నారు. నా ఎదుట సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. రూపాయికి ఎనిమిదంటే పది ఇచ్చి, నా ఒళ్లోని నల్ల పెట్టెకేసి చూసింది.

"ఏం పెట్టె సాబ్? బంగారమా?"

"ఫోటోల పెట్టె."

"ఎవలున్నరు అండ్ల?"

"ఒక పిల్ల," అన్నాను. అలా అనాలని అనుకోలేదు. అలవాటుగా ఉన్న సంగతి చెప్పాను, అంతే.

ముసలమ్మ మరేమీ అడగలేదు. గంపను కాళ్ల దగ్గరికి లాక్కుని బల్ల మీద పక్కకు జరిగింది. తన పక్కన ఒక చిన్న పిల్లకు సరిపడే జాగా ఖాళీ అయింది. ధర్మాబాద్ దాకా ఆ జాగాలో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ధర్మాబాద్‌లో దిగగానే తుమ్ములు. అది మిరపకాయల ఊరు. స్టేషను బయట టీకొట్టు దగ్గర పది మంది ఉంటే పది మందీ తుమ్ముతున్నారు. కొట్టువాడు మాత్రం తుమ్మడు. "కొత్తోల్లకే కాకా," అన్నాడు, ఇరవై పైసల టీ చేతికిస్తూ.

కుండల్‌వాడి

బస్సు దగ్గరికి హన్మాండ్లు వచ్చాడు. సన్నని మనిషి, నలభై దాటి ఉండవు. సంచీ గొడుగూ అందుకున్నాడు. కెమెరా ఇవ్వబోతే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అది నువ్వే పట్టుకో సాబ్."

మట్టిగోడల ఇల్లు. చిన్న వాకిలి, కుడివైపు కొట్టం, ఎదురుగా రెండు తలుపుల వెడల్పు గుమ్మం. గుమ్మం లోపల పగలు కూడా చీకటే. నేను కొలతల మనిషిని గనక ఒకటి గమనించాను. హన్మాండ్లు గుమ్మం దాటేటప్పుడు మధ్యలోంచి పోలేదు. ఎడమకు జరిగి, భుజం పక్కకు తిప్పి, ఏటవాలుగా పోయాడు. లోపలినుంచి నీళ్ల చెంబుతో వచ్చిన సాయవ్వ కూడా అలాగే వచ్చింది. గడప విరిగిందేమో అనుకుని వంగి చూశాను. గట్టి టేకు గడప, బీట కూడా లేదు. నేను మామూలుగా మధ్యలోంచి లోపలికి అడుగు వేశాను.

"సాబ్!" అని అరిచింది సాయవ్వ. ఆగాను. "ఏం లేదు. తలకాయ పైలం," అంది.

గుమ్మం నా తలకంటే జానెడు ఎత్తుంది.

పొద్దుండగానే అన్నాలు. మా నిజామాబాదులో అన్నం ముందు, రొట్టె ఉంటే ఉంది లేకుంటే లేదు. ఇక్కడ జొన్నరొట్టె ముందు. అన్నం చివర పిడికెడు, చుట్టం వచ్చాడు గనక. పుంటికూర, ఎల్లిపాయ కారం. హన్మాండ్లు పోయినేటి కరువు సంగతి చెప్పి నవ్వించాడు.

"రేషన్ల ఎర్ర జొన్నలిచ్చిన్రు సాబ్. అమెరికయట. రొట్టె చేస్తె మా బర్రె సుత వాసన చూసి మొకం తిప్పుకున్నది. మేం తిన్నం. బర్రెకున్న ఇజ్జత్ మాకు లేకపాయె."

సాయవ్వ నవ్వలేదు. నేను చేయి కడుక్కునే దాకా ఆగి, దేవుని గూటి దగ్గరికి పిలిచింది. గూట్లో మూడు వెండి రేకులు నిలబెట్టి ఉన్నాయి. వాటిని టాకులంటారు. ఇంట్లో పోయినవారి పేరున కంసాలి దగ్గర అచ్చు కొట్టించి పెట్టుకుంటారు. మా వైపూ కొన్ని ఇళ్లలో ఉన్నాయి గానీ ఇక్కడ ప్రతి ఇంటా ఉంటాయట.

"గిది మా మామ. గిది మా అత్త. గిది వాళ్ల పెద్దామె," అని వేలు పెట్టి చూపించింది. ముగ్గురిదీ ఒకే బొమ్మ. ఒకే అచ్చు. "మామకు గింత మీసముండె. టాకుల లేదు. అందర్కి ఒక్కటే మొకం సాబ్. నా బిడ్డకు టాకు కొట్టిస్తనన్నడు ఈయన. ఒద్దన్న. నాకు దాని మొకం కావాలె."

మామ టాకును కొంగుతో తుడిచి మళ్లీ నిలబెట్టింది.

"రోజుకింత మరుస్తున్న. కండ్లు యాదికున్నయి. ముక్కు యాదికున్నది. నోరు యాదికి అస్తలేదు. ఎంత గుంజుకున్నా అస్తలేదు. పెత్తరమాసకు మొకం లేకుంట ఎవలికి పెట్టాలె బువ్వ?"

కార్డులో రాయని సంగతి అప్పుడు అడిగాను. కడిగించక ముందు ఇంటికి తెమ్మన్నదెందుకని.

"కడిగితె పెట్టెలకెళ్లి పోతది గద. గంతకు ముంగట ఒక్క దినం ఇండ్ల ఉండని అని."

కెమెరాను టాకుల పక్కన పెట్టింది. అరిటాకు ముక్కలో ఒక రొట్టె, కొంచెం పుంటికూర దాని ముందుంచింది. అటూ ఇటూ చూసి, "తెరువు సాబ్," అంది. "మూస్తె ఊపిరాడదు."

కెమెరాను రాత్రిపూట తెరిచి ఉంచకూడదు. తేమ చేరుతుంది, తోలు బూజు పడుతుంది. నేనూ విఠలూ ఏకీభవించిన ఒకే ఒక్క సూత్రం అది. అయినా మీట నొక్కాను. తిత్తి విప్పుకుంది. టక్కుమంది. సాయవ్వ ఉలిక్కిపడి, తరువాత ఆ ముడతల మీద వేలికొస ఆనించింది, నిద్రపోయే పిల్ల వీపు మీద పెట్టినట్టు.

మరునాడు ఉదయం చూస్తే లెన్సు మసకగా ఉంది. కండువాతో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచి వెలుగులో పెట్టి చూశాను. ఆవిరి పట్టింది బయటి వైపు కాదు, లోపలి వైపు. వానాకాలపు తేమ అని డైరీలో రాసుకున్నాను. అది పోయే దాకా వాకిట్లో ఎండలో పట్టుకుని కూర్చున్నాను.

బయలుదేరబోతుంటే సాయవ్వ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. తలకు నూనె పెట్టుకుని దువ్వుకుంది.

"నాదొకటి తియ్యి సాబ్. దాని పక్కపొంటి నేను సుత అండ్ల ఉంట."

లెన్సు మీద దూరం చూపే చుట్టు విఠల్ పెట్టినట్టే పది అడుగుల దగ్గర ఉంది. నేనూ పది అడుగులు కొలిచి నిలబడ్డాను. ఎర్ర కిటికీలో అయిదు. సాయవ్వను గుమ్మానికి నడుమ నిలబడమన్నాను. ఆమె నా ఎడమకు జరిగింది. నడుమకు రమ్మన్నాను. వచ్చినట్టే వచ్చి మళ్లీ జరిగింది. మూడోసారి నాకు కొంచెం కోపం వచ్చింది.

"సాయవ్వా, పక్కన అంత చీకటి వదిలి నువ్వు ఒక మూలకుంటే ఫోటో బాగుండదు."

"గిట్లనే మంచిగున్నది సాబ్," అంది. ఒక చేయి పక్కకు చాచి అవతలి దార్బంధపు కట్టె మీద ఆనించింది. మనిషి నిలబడి చేయి ఆనించే ఎత్తు కాదది. నడుము కంటే కొంచెం పైన, అంతే. చేయి దించమందామనుకున్నాను. ఎండ మబ్బులోకి పోతోంది. నొక్కేశాను. నొక్కీ నొక్కగానే, నా పద్ధతి ప్రకారం, మర తిప్పాను. కిటికీలో ఆరు.

ఉమ్రి

మిగిలిన బొమ్మలు తీయడానికి అదే రోజు, శుక్రవారం, నాందేడ్ పోయే దారిలో ఉమ్రిలో దిగాను. పత్తి బండ్లు ఇంకా మొదలు కాలేదు. గింజల బజారు మోండాలో పెసలు, మినుములు పోసి ఉన్నాయి. కెమెరా తెరవగానే హమాలీలు చుట్టూ చేరారు. తిత్తి చూసి వాళ్లలో ఒకడు గట్టిగా కేక వేశాడు.

"అరె, పేటీ అచ్చింది! కాకా, భజన ఏడ? జెర సుర్ పట్టు!"

పేటీ అంటే వాళ్ల భాషలో హార్మోనియం. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆ కేక వేసినవాణ్ణే బస్తాల మీద కూర్చోబెట్టి తీశాను. ఏడు వచ్చింది. తీయించుకున్నవాడు దిగి వచ్చి, లెన్సులోకి కన్ను పెట్టి చూశాడు. నవ్వు ఆపాడు.

"లోపట ఎవలో ఉన్నట్టున్నది కాకా."

"నీ కన్నే కనబడుతుంది, గాజు కదా," అన్నాను.

"నా కన్ను గట్ల ఉంటదా?" అని, తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ దగ్గరికి రాలేదు. మిర్చి భజ్జీలు తిన్నాను, కాగితం పొట్లం పావలా. సంచిలో దాచుకున్న సీతాఫలాలు నలిగి నా ధోవతులన్నీ జిగట అయ్యాయి. ఆ రోజు జరిగిన నష్టం అంతే అనుకున్నాను.

నాందేడ్

సుమతిబాయి ఇంట్లో దిగాను. ఆమె తలుపు దగ్గర ఒకటి, గోదావరి ఘాట్ మెట్ల మీద ఒకటి తీసి ఫిల్ము పూర్తిచేశాను. శనివారం మధ్యాహ్నం దత్తు దగ్గరికి తీసుకుపోయాను. దత్తు తెలుగువాడే, తాత కాలంలో మగ్గాల పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. మా ఫిల్ములన్నీ పాతికేళ్లుగా కడిగింది అతనే.

"విఠల్ కాక రీలా, నీ రీలా?" అన్నాడు, ఎప్పుడూ అడిగేమాటే. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఇద్దరిదీ," అన్నాను.

"ఇద్దర్ది ఒక్క రీలు ఎన్నడు లేదు గద కాకా?"

"ఈసారి ఉంది."

చీకటి గదిలో అతని పక్కనే నిలబడ్డాను. మందుల వాసన, నీళ్ల చప్పుడు, గోడకు చిన్న ఎర్ర బల్బు. ఫిల్మును నీళ్లలోంచి తీసి దత్తు బయట దీపానికి ఎత్తి పట్టాడు. నెగెటివ్‌లో మనుషుల ముఖాలు నలుపు, జుట్టు తెలుపు. ఒకటి, సుమతిబాయి కూర తరుగుతోంది. రెండు, ఎండిన బావి. మూడు, ఎడ్ల జత. నాలుగు, కళ్లంలో జొన్న కంకుల కుప్ప.

"పిల్ల ఏది కాకా?" అన్నాడు దత్తు.

నాలుగూ మళ్లీ చూశాను. నాలుగింటిలోనూ పిల్ల లేదు. విఠల్ తీయలేదా? తీశానని ఊరికే అన్నాడా? సాయవ్వకు ఏమని చెప్పాలి?

దత్తు ఫిల్మును ఇంకొంచెం పైకి లాగాడు. అయిదు.

నల్లని ముఖంతో సాయవ్వ. పక్కన గుమ్మం. నేను చూసిన చీకటి గుమ్మం నెగెటివ్‌లో తెల్లగా ఉండాలి, ఖాళీగా. ఖాళీగా లేదు. అందులో ఒక పిల్ల నిలబడి ఉంది.

నల్లా నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

అప్పుడు వెలిగింది నాకు. విఠల్ మర తిప్పడు. తీసింది తీసినట్టే వదిలేస్తాడు. కిటికీలో అయిదు ఉందంటే అయిదు తీయబోతున్నాడని కాదు, తీసేశాడని. ఏళ్ల తరబడి ఏ మాట మీద పోట్లాడామో ఆ మాటే మరిచి, అతని ఆఖరి బొమ్మ మీద నా బొమ్మ తీశాను. అతను కొట్టం చీకటి ముందు పిల్లను నిలబెట్టి ఉంటాడు. నా గుమ్మం చీకటి మీద ఆ పిల్ల దిగింది. దూరం ఇద్దరికీ పది అడుగులే, అందుకే కొలత కుదిరింది. ఇదంతా దత్తుకు చెప్పాను. గట్టిగా, వరసగా చెప్పాను. నాకు నేను చెప్పుకున్నాననుకుంటాను.

"సరే కాకా," అన్నాడు దత్తు. "మరి గామె పక్కకెందుకు జరిగి నిలవడ్డది?"

నేను అయిదో బొమ్మను మళ్లీ దీపానికి పట్టి చూశాను.

సోమవారం ప్రింటు వేశాడు. పళ్లెంలోని మందులో తెల్ల కాగితం మీద ముందుగా సాయవ్వ చీర అంచు వచ్చింది, తరువాత గడప, అన్నిటికంటే చివర పిల్ల ముఖం. కాళ్లు లేవు, మోకాళ్ల కింద గడప కట్టె కనబడుతోంది. ముఖం మాత్రం చక్కగా ఉంది. నోరు కొంచెం తెరిచి, ఏదో అనబోయి ఆగినట్టుంది. చూపు కెమెరా వైపు కాదు, పక్కకు, తల్లి ఉన్న వైపు. తల్లి చేయి దార్బంధం మీద ఉన్న చోట, సరిగ్గా అక్కడే, పిల్ల భుజం ఉంది.

దత్తు ప్రింటును నీళ్లలో వేసి చేతులు తుడుచుకున్నాడు. "కాకా, దీన్ని దేవుని దగ్గర పెట్టరాదు. బతికున్నామె ఉన్నది అండ్ల. దండ ఎస్తె ఆమెకు ఎసినట్టే గద."

నేనూ అది ఆలోచించలేదు. ఇక్కడైనా మా ఊర్లోనైనా ఆ పట్టింపు ఒకటే. సాయవ్వ ఉన్న సగం రాకుండా నల్లకాగితం అడ్డుపెట్టి రెండో ప్రింటు వేయమన్నాను. దత్తు చాలాసేపు జరిపి జరిపి చూశాడు. తల్లిని మొత్తం తప్పిస్తే పిల్ల భుజం పోతోంది. భుజం ఉంచితే చేయి ఉంటోంది. చివరికి భుజమే ఉంచాడు. ఆ ప్రింటులో పిల్ల ఒక్కతే నిలబడి ఉంది, ఎవరిదో గాజుల చేయి కాగితం అంచులోంచి వచ్చి ఆమె భుజం మీద ఉంది.

"నాకు ఇది ఇంకింత భయమైతుంది," అన్నాడు దత్తు. ప్రింట్లకు పైసలు తీసుకోలేదు. కొత్త ఫిల్ము మాత్రం అమ్మాడు.

మళ్లీ కుండల్‌వాడి

25, మంగళవారం సాయంత్రం. ఉన్నవారు: మునుపటివారే.

నిజం చెప్పాలని దారిలోనే నిశ్చయించుకున్నాను. ముందు పిల్ల ఒక్కతే ఉన్న చిన్న ప్రింటు హన్మాండ్లు చేతికి ఇచ్చాను. వాకిట్లోకి వెలుగులోకి తీసుకుపోయి చూశాడు. అతని వేలు ఫోటో అంచు దగ్గర ఆగింది. "చెయ్యి ఎవలది?" అన్నాడు.

తల్లీ పిల్లా ఇద్దరూ ఉన్న పెద్ద ప్రింటు ఇచ్చాను. అది చూడగానే కూర్చుండిపోయాడు.

కెమెరా తెరిచి పెట్టుకుని మొత్తం చెప్పాను. మర, కిటికీ, విఠల్ పద్ధతి, నా పద్ధతి, నా తప్పు. "మీ బిడ్డకున్న ఒక్క బొమ్మ మీద నేను ఇంకోటి తీశాను. క్షమించండి," అన్నాను. సాయవ్వ నా మాటలు విన్నదో లేదో తెలియదు. చిన్న ప్రింటును కళ్లకు దగ్గరగా పట్టుకుని ఉంది.

"గిదీ నోరు," అంది. "ఎప్పుడు గిట్లనే జెర తెరిచి ఉండేది. మూసుకో, ఈగ పోతదంటుంటి." తన నోరు కూడా అలాగే కొంచెం తెరిచింది. ఆ క్షణంలో ఫోటో ఎవరిదో నాకు తడబడింది.

హన్మాండ్లు పెద్ద ప్రింటును దూరంగా పట్టుకున్నాడు. "దీన్ని కాలవెడుత. బతికున్నదాన్ని పోయినదాని పక్కన నిలవెట్టుడు మంచిగ కాదు. నాకు ఇగ ఇదొక్కతే మిగిలింది సాబ్."

"కాలవెడితె నేనూ కాలుత, అదీ కాలుతది," అంది సాయవ్వ తల ఎత్తకుండానే. "సాబ్‌కియ్యి. సాబ్ ఊర్ల ఉంటది. నాకు గీ చిన్నది చాలు. చెయ్యే గద, ఉండని."

"సాయవ్వా, ఆ రోజు నువ్వు మూడుసార్లు ఎందుకు పక్కకు జరిగావు?" అని అడిగాను. నాలుగు రోజులుగా నాతో తిరిగిన ప్రశ్న అది.

ఆమె నాకేసి వింతగా చూసింది. జవాబు హన్మాండ్లు చెప్పాడు.

"అది ఎప్పుడు గుమ్మంలనే కూసునేది సాబ్, కుడిదిక్కు. చదువుకున్నా ఆడనే, తిన్నా ఆడనే. లే బిడ్డా అంటె లేవకపోయేది. తొక్కకుంట పక్కపొంటి పోవుడు మాకు అలవాటైంది. మనిషి పోయింది. అలవాటు పోతలేదు."

నేను గుమ్మం వైపు చూశాను. మొదటి రోజు నేను మధ్యలోంచి అడుగు వేసినప్పుడు సాయవ్వ ఎందుకు అరిచిందో అప్పుడు తెలిసింది.

మరుసటి ఉదయం

పెత్తరమాస. లేచేసరికి ఇల్లు అలికి ఉంది. గూట్లో మూడు టాకుల పక్కన చిన్న ఫోటో నిలబెట్టి, పిల్ల నుదుట బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. దండ చేతిని తాకకుండా అటు చివరను మడిచి దారంతో కట్టి ఉంది. అది హన్మాండ్లు పని అనుకుంటాను. ముందు ఆకులో అన్నం, పుంటికూర, బెల్లం. సాయవ్వ ఆ ముఖంలోకి చూస్తూ, పేరు పెట్టి పిలిచి, నీళ్లు వదిలింది.

బస్సు వేళ కావస్తుండగా ఆమె బయటికి వచ్చింది.

"ఇంకొక్కటి తియ్యి సాబ్. పోయినసారి తీసిన గుమ్మం కాడనే."

నాందేడ్‌లో వేసిన కొత్త ఫిల్ము. ఎర్ర కిటికీలో ఒకటి. చుట్టు పది అడుగుల దగ్గరే ఉంది. నేను పది అడుగులు కొలిచి నిలబడ్డాను. సాయవ్వ గుమ్మం ముందుకు వచ్చి, ఈసారి నన్ను నొప్పించడం ఇష్టం లేనట్టు, సరిగ్గా నడుమ నిలబడింది.

"కొంచెం నా ఎడమకు జరుగు," అన్నాను. "జాగా ఉంచు."

జరిగింది. చేయి చాచి దార్బంధం మీద, ఆ ఎత్తునే, ఆనించింది. నొక్కాను.

నా బొటనవేలు దానంతట అదే మర మీదికి పోయింది. ఎన్నడూ ఆగని వేలు. దాన్ని తీసేశాను. మర తిప్పకుండానే తిత్తి మూశాను.

సంచి మరిచిపోయి, దాని కోసం మళ్లీ లోపలికి వెళ్లాను. తిరిగి వస్తూ చూసుకుంటే గుమ్మం ఎడమవైపుగా, భుజం తిప్పి, ఏటవాలుగా దాటుతున్నాను.

పెద్ద ప్రింటు ఈ డైరీ మధ్యలో ఉంది. కెమెరా బల్ల మీద ఉంది. రాత్రిపూట తెరిచే ఉంచుతున్నాను. దసరా వెళ్లిపోయింది. చేతులు మార్చుకోవడానికి ఎవరూ లేరు. ఎర్ర కిటికీలో ఇంకా ఒకటే ఉంది.